మూడక్షరాలకో మోటారు

ఆగస్టు 7, 2005, ఆదివారం

మా ఆవిడ, పంతులమ్మ, పోయి ఇవాళ్టికి ఎనిమిది నెలలు. ఈ డైరీ ఆవిడదే. కిందటి డిసెంబరు మొదట్లో బడిలో ఎవరో ఇచ్చారు. ఆవిడకి జనవరి రాలేదు. నేను బోర్డులు రాసేవాణ్ణే గానీ ఇలాంటివి రాసేవాణ్ణి కాదు. కానీ ఎవరితోనూ చెప్పుకోలేనిది ఎక్కడో ఓచోట కక్కాలి కదా.

సమాధి మీద బండ ఇంకా ఖాళీగానే ఉంది. నవంబరు రెండున సమాధుల పండగ. అందరూ సున్నాలు వేయించి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ రోజులోపు ఆ బండ మీద మూడక్షరాలు రాయాలి. నా చేత్తో. మా శ్మశానంలో ముప్ఫై ఏళ్లుగా ప్రతి రాయీ రాసింది నేను. ఆవిడ రాయి ఇంకొకడు రాస్తే ధనరాజు ఆర్టిస్టన్న పేరు నాకెందుకు, కాలవలో పారెయ్యనా?

పొద్దున్న ఆరో నంబరు బ్రష్షు పట్టి కాగితం మీద ఒక గీత గీశాను. నిలవలేదు. వెంట్రుకలు చెడిపోయినట్టున్నాయి.

ఆగస్టు 9

కొత్త బ్రష్షు కొన్నాను. ఇదీ బాలేదు. ఇప్పుడు వచ్చే సరుకే అంత.

ఆగస్టు 10

టీ మానేశాను.

ఆగస్టు 18

అమలాపురం వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. చేతులు చాపమన్నాడు, చూపుడువేలు ముక్కుకి తాకించమన్నాడు, ఆ గోడ దాకా నడవమన్నాడు. చివరికి ఒక జబ్బు పేరు చెప్పాడు. నా జన్మలో కొన్ని వేల పేర్లు రాశాను. ఇది రాయను.

"తగ్గుతుందాండీ?" అని అడిగాను.

"పెరక్కుండా చూద్దామండీ" అన్నాడు.

నేను అడిగింది అది కాదు.

బస్సుకి టైముందని అంజిబాబు కొట్లో కూర్చున్నాను. టీవీలు బాగుచేస్తాడు. తీరిక దొరికితే రిమోటు పడవలు చేసి కాలవలో వదులుతాడు, నలభై ఏళ్లొచ్చినా అదో పిచ్చి. ఆ పడవ చుక్కాని తిప్పే మోటారు చూపించాడు. అగ్గిపెట్టెంత ఉంది. సర్వో మోటారంటారట.

"మామూలు మోటారు తిరగమంటే తిరుగుతానే ఉంటదండీ. దీనికి ముప్ఫై డిగ్రీలు తిరగవే అని చెప్తే, ముప్ఫై తిరిగి అక్కడే ఆగిపోద్దండీ. మీరు నెట్టి చూడండి. కదలదు."

నెట్టాను. కదల్లేదు. నా వేలే కదిలింది.

అక్కడే ఆగిపోద్ది. ఇంటికొచ్చేదాకా చెవిలో అదే మాట.

ఆగస్టు 21, ఆదివారం

గుడిలో ఆరాధనకి వెళ్లలేదు. అక్షరాలు రాసే మిషనుకి బొమ్మ గీసుకున్నాను, అదీ వంకర టింకరగానే వచ్చింది. పాత టీవీ యాంటెన్నా కడ్డీలు రెండు కలిపి ఒక చెయ్యి. భుజం దగ్గర ఒక మోటారు, మోచెయ్యి దగ్గర ఒకటి. కొసకి బ్రష్షు. మొత్తం చాపితే రెండడుగులు. కరెంటుకి స్కూటరు బ్యాటరీ. శ్మశానంలోకి మోసుకుపోవచ్చు.

అక్షరం నాది. రంగు నేను కలుపుతాను. మోటారు నేను ఎంచుతాను. అప్పుడు అది నా చెయ్యే కదా. నేను రాసినట్టే.

నేను రాసినట్టే.

ఆగస్టు 22

పంతులమ్మ చెల్లెలు సుందరమ్మ మధ్యాహ్నం పనసపొట్టు కూర తెచ్చింది. మా వీధి చివరే ఇల్లు. అక్క పోయిన దగ్గర్నుంచీ రోజూ ఏదో ఒకటి తెస్తుంది, తిన్నదాకా కదలదు.

"అలా కింద పోసుకుంటున్నారేంటండీ బావగారూ?"

"కూర వేడిగా ఉంది."

"చల్లారి గంటయ్యిందండీ."

చెయ్యి జేబులో దాచుకుని అన్నం తినే ఉపాయం ఎవడైనా కనిపెడితే బావుణ్ణు. మజ్జిగ పోసి మళ్లీ మొదలెట్టింది. అమలాపురంలో చలవరాయి మీద మిషనుతో చెక్కి ఇస్తారట, పక్కవీధి వాళ్లు చేయించారట, ఎంత బావుందోనట.

"మీ అక్క రాయి సంగతి నీకెందుకు? నీ పని చూసుకో" అన్నాను.

"ఆయ్" అంది. గిన్నె కడుక్కుని వెళ్లిపోయింది.

అనకుండా ఉండాల్సింది. దాని అక్క కాదూ.

సెప్టెంబరు 3

అంజిబాబు పడవ మోటారునే కడ్డీకి బిగించి చూశాం. దాని బలం మూడు కిలోలట. మూడు కిలోలంటే తక్కువా అని పొంగిపోయాను. ఆ లెక్క ఇరుసుకి ఒక్క సెంటీమీటరు దూరానికే. అరవై సెంటీమీటర్ల కొసకి పోయేసరికి మిగిలేది యాభై గ్రాములు. దాంతో బ్రష్షు ఎత్తడమే కష్టం, ఇక రాతి మీద ఒత్తేదేముంది? నేనే మొండిగా మళ్లీ మళ్లీ తిప్పించాను. కటకటమని లోపలి చక్రాల పళ్లు రాలిపోయాయి. ప్లాస్టిక్ పళ్లు.

అంజిబాబు వాటిని అరచేతిలోకి ఏరుకున్నాడు. పడవకి చుక్కాని లేకుండా చేశాను పాపం.

సెప్టెంబరు 4

చిన్న మోటారు కాకపోతే పెద్దది. పాత లారీ వైపరు మోటారు పట్టుకొచ్చాను. బలానికేం లోటు లేదు, ఆంబోతు. కానీ తనెక్కడుందో దానికే తెలీదు. ఒక్క విసురుకి డబ్బా తన్నేసింది. అరుగంతా, గోడంతా ఎర్ర రంగు. ఎవరైనా చూస్తే కోడిని కోశాననుకుంటారు.

బలమున్నదానికి కుదురు లేదు, కుదురున్నదానికి బలం లేదు. నాకు రెండూ ఉన్న రోజుల్లో విలువ తెలీలేదు.

సెప్టెంబరు 20

హైదరాబాదు నుంచి రెండు మోటార్లు వచ్చాయి. ఇత్తడి పళ్లు. బలం తొమ్మిది కిలోలు. అంజిబాబు చిన్న చిప్పు పెట్టి, ఏ క్షణానికి ఏ కోణమో అందులోకి ఎక్కిస్తాడు. నిలువు గీత గీయించాం. బాగుంది. అడ్డగీత. అదీ బాగుంది. సున్నా చుట్టించాం. మొదలుకీ చివరికీ పొంతన లేదు. అగ్గిపుల్ల మందాన తేడా. పళ్ల మధ్య ఖాళీ ఉందట. మోటారు ఇటు నుంచి అటు మళ్లేటప్పుడల్లా ఆ ఖాళీలో కాస్త జారుతుందట.

ఇంగ్లీషు అక్షరాలైతే సరిపెట్టుకోవచ్చు. కర్రలు నిలబెట్టినట్టుంటాయి. మనవి గుండ్రాలు. బయల్దేరిన చోటికి తిరిగి రాకపోతే అక్షరం నోరు తెరుచుకుని చూస్తుంది.

అది కాదు అసలు సంగతి. ఆగమన్న చోట ఆగి, కిర్రుకిర్రుమంటూ వణికింది. బ్రష్షు కొస వణుకుతోంది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకలా వణుకుతుంది?"

"నిలబడాల్సిన చోటు వెతుక్కుంటందండీ. కాస్త దాటిపోద్ది, వెనక్కొస్తది, మళ్లీ దాటిపోద్ది. మంచి మోటారేనండీ, మన కడ్డీ బరువుకి తట్టుకోలేక..."

"వణికేది నాకొద్దు. తిరిగి పంపించెయ్."

అంజిబాబు నా చేతి వంక చూశాడు. వెంటనే తల వంచుకుని టీవీ డబ్బాలోకి చూడ్డం మొదలుపెట్టాడు. వాడికి తెలిసిపోయింది.

అక్టోబరు 1

వాన. ఏమీ చెయ్యలేదు. ఎడమ చేత్తో ప్రయత్నించాను. దాని సంగతి రాయక్కర్లేదు.

అక్టోబరు 9, ఆదివారం

గుడిలో పాస్టరుగారు శ్మశానం శుభ్రం చేసే రోజు ప్రకటించారు. బయటికి రాగానే సంఘపెద్ద సత్యంగారు పట్టుకున్నారు.

"రాజుగారూ, మా నాన్నగారి రాయి వెలిసిపోయిందండీ. ఈసారి కాస్త మెరుగు పెట్టాలి మీరు."

"ఆయ్, చూద్దామండీ" అన్నాను.

గుడిలోంచి బయటికొస్తూనే అబద్ధం. ఇంటికొచ్చి పడుకున్నాను. సుందరమ్మ తలుపు కొట్టింది, తియ్యలేదు. గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్లింది. ఎదురింటి కుక్క తింది.

అక్టోబరు 15

వచ్చాయి. బెంగుళూరు నుంచి. విమానం బొమ్మలు ఎగరేసే పెద్దవాళ్లు వాడే రకమట. బలం పన్నెండు కిలోలు. ఉక్కు పళ్లు, ఇరుసుకి రెండు బేరింగులు. నెలంతా కాగితాలు చదివి, పళ్లెన్ని, ఖాళీ ఎంత, ఆగమంటే ఎంతలో ఆగుతుంది అని అంజిబాబు బుర్ర తిని ఎంచిన మోటార్లు. నా జీవితంలో ఒక వస్తువు ఇంత చూసి కొనలేదు. పెళ్లిచూపులకి కూడా అరగంటే కూర్చున్నాను.

సున్నా చుట్టించాం. బయల్దేరిన చోటే కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఆగమంటే ఆగింది. బ్రష్షు కొస రాయిలా నిలబడిపోయింది. నేను బయటికెళ్లి కాలవగట్టు మీద నిలబడి ఏడ్చాను. సంతోషమనే అనుకుంటున్నాను.

తిరిగొస్తే అంజిబాబు గ్రాఫు కాగితం పరిచి కూర్చున్నాడు.

"అక్షరాలివ్వండి ఇంక. మీరు ఇదివరకు రాసిందేదైనా సరేనండీ. దాని మీద చుక్కలు పెట్టుకుంటా పోయి, చుక్కకి రెండు కోణాలు ఎక్కించేస్తాను. మిషనుకి సొంతంగా ఏమీ రాదు కదండీ, మీ అక్షరం చూసే గీస్తది. అమ్మగారి పేరేంటండీ?"

నోరు తెరిచాను. పేరు రాలేదు. ఇల్లు దాటి ఆ పేరు అన్న అలవాటు లేదు. ఇంట్లో అంతకన్నా లేదు.

"మూడక్షరాలు" అన్నాను. "మొదటిది రె. తర్వాత బె. తర్వాత కా."

వాడు రాసుకున్నాడు. "అమ్మగారి పేరు మీరు రాసింది రేపు పట్టుకొచ్చెయ్యండి" అన్నాడు.

అక్టోబరు 16

ట్రంకుపెట్టె అంతా వెతికాను. మంచం కింద నమూనా పుస్తకాలు చూశాను. కిరాణా కొట్లు, రైసుమిల్లులు, ఓడలరేవు పడవల పేర్లు, ఎన్నికల గోడలు, పోయినవాళ్ల పేర్లు. అన్నీ ఉన్నాయి.

అక్టోబరు 17

మళ్లీ వెతికాను.

అక్టోబరు 18

లేదు. ఎక్కడా లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో నేను ఆవిడ పేరు ఒక్కసారి కూడా రాయలేదు.

పెళ్లికార్డు ప్రెస్సువాడు వేశాడు. చావు కబురు కార్డూ ప్రెస్సువాడే వేశాడు. ఉత్తరాలు రాయాల్సినంత దూరం నేనెప్పుడూ పోలేదు. వంటింట్లో స్టీలు గిన్నెలన్నీ బోర్లించి చూశాను. ఆవిడ జీతంతో కొన్నవే అన్నీ. ప్రతిదాని మీదా కొట్టువాడు చుక్కల చుక్కలుగా చెక్కిన పేరు ధనరాజు. ఆవిడే చెప్పి చెక్కించింది.

పిలవడం కూడా ఇదిగో, పంతులమ్మా, ఇంతే. ఆవిడా పలికేది. బాగానే నడిచిందనుకున్నాను.

తలుపు వెనక ఆవిడ గొడుగు ఉంది. పిడికి ఎర్రదారం. వానాకాలం బడిలో టీచర్ల గొడుగులు మారిపోతున్నాయి, నా పేరు చిన్నగా రాసిపెట్టండి అని అడిగింది ఒకసారి. ఒకసారి కాదు. నాలుగైదు సార్లు. "గొడుగుల మీద రాయడానికా నేను పని నేర్చుకుంది?" అన్నాను. మర్నాడు దారం కట్టుకుంది. అప్పుడు నా చెయ్యి ఎంత బాగుండేది! రెండు నిమిషాల పని.

దరిద్రుణ్ణి.

అక్టోబరు 20

ఒక ఉపాయం తట్టింది. పేరు లేకపోతేనేం, అక్షరాలున్నాయి కదా. నమూనా పుస్తకాల్లోవి పెన్సిలు గీతలే గానీ, బోర్డుల మీద ఈ సీమంతా నా అక్షరాలే. ఏరుకొస్తాను.

అక్టోబరు 21

పల్చటి కాగితం, పెన్సిలు పట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. అమలాపురంలో రెడీమేడ్ దుస్తుల కొట్టు బోర్డు ఇంకా నాదే. నిచ్చెన అడిగితే ఓనరు విచిత్రంగా చూశాడు. మొదటి అక్షరం దొరికింది.

కొత్తపేటలో బెల్లం వర్తకుల బోర్డు కోసం వెళ్తే అక్కడ ఫ్లెక్సు వేలాడుతోంది. అబ్బో, ఎన్ని రంగులో! పాత రేకు ఏదయ్యా అంటే పెరట్లోకి తీసుకెళ్లారు. కోళ్లగూటి మీద కప్పారు. రెట్టలు కడిగి రెండో అక్షరం దిద్దుకున్నాను.

మూడోది బస్సు నుదుటి మీది కాట్రేనికోన. స్టాండులో ఆగిన బస్సెక్కి కాగితం ఆనించాను. "ఏంటండీ పెద్దాయనా, బస్సు కదులుద్ది, దిగండి!" అని కండక్టరు కేకలు. "ఒక్కక్షరమేనయ్యా, ఆగు" అన్నాను. చెయ్యి వణుకుతున్నా కింద గీత ఉంది కదా, మెల్లగా దాని వెంటే పోయాను. మొత్తానికి దిద్దేశాను.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

అక్టోబరు 28

ఇవాళ రాసింది. అరుగు మీద కడప బండ ముక్క పెట్టి, బ్యాటరీ తగిలించి, అంజిబాబు స్విచ్చి నొక్కాడు. నేను ప్రతి అక్షరానికీ బ్రష్షు రంగులో ముంచి ఇచ్చాను. మొదటిది చుట్టింది. రెండోది. మూడోది. ఒక్క వణుకు లేదు. ఒక్క గుండ్రం నోరు తెరవలేదు. ఇరవై ఏళ్ల కిందటి నా చెయ్యి, అచ్చం అదే.

అంజిబాబు చప్పట్లు కొట్టాడు. అప్పుడే సుందరమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. దానికి చదువు రాదు. అక్కని మిషనరీల హాస్టల్లో వేసి, దీన్ని వరి ఊడుపులకి పంపారు.

బండ ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"ఇది ఏ కొట్టుదండీ బావగారూ?"

చేతిలో రంగు డబ్బా కింద పెట్టాను.

"మొదటిది బట్టల కొట్టు మీద ఉంటది కదండీ, వారం వారం దాని కిందనుంచే పోతాను. ఆ చివరిది మా కాట్రేనికోన బస్సుది. చదవడం రాదు గానీ, గుర్తు పట్టి ఎక్కుతాను కదండీ." నా మొహం చూసి ఆగింది. "ఏం, తప్పన్నానాండీ?"

తప్పనలేదు. మూడక్షరాలూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పక్కకి వాలి. ఒకళ్లకొకళ్లు తెలీనట్టు. మోటారు తప్పు చెయ్యలేదు. అది నేనిచ్చిందే గీసింది.

కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను.

అక్టోబరు 29

మరలన్నీ విప్పి మోటార్లు డబ్బాలో పెట్టేశాను.

అక్టోబరు 31

ఏమీ లేదు.

నవంబరు 2, బుధవారం

వెళ్లకూడదనుకున్నాను. సుందరమ్మ బుట్టనిండా బంతిపూలు పట్టుకొచ్చి గుమ్మంలో కూర్చుంది. "మీరు రాకపోతే నేనూ పోనండీ" అంది. దాని మొండితనం దాని అక్కదే.

సాయంత్రం శ్మశానం నిండా జనం. ఎటు చూసినా నా రాతే. సత్యంగారి నాన్నగారు వెలిసిపోయి, వీరాయమ్మగారు ఇంకా నల్లగా నిగనిగలాడుతూ. ప్రియమైన భార్య అని నేనే రాశాను ఆవిడకి, వాళ్లాయన అడగడమేమిటి, నేను రాసెయ్యడమేమిటి, గంటలో. అన్ని రాళ్లకీ పేర్లున్నాయి. ఒక్క రాయి తెల్లగా ఉంది. నేను అందరి ముందూ తల ఎత్తలేకపోయాను.

సుందరమ్మ బండ కడిగింది. గుప్పెడు ఇసుక తెచ్చి పల్చగా పరిచింది.

"పూలతో పెడతానండీ పేరు. నాకు రాదు కదా, ఎలా ఉంటదో వేలితో గీసి చూపించండి."

"నా చెయ్యి సంగతి నీకు తెలీదు" అన్నాను.

"తెలుసండీ. ఆగస్టు నుంచీ తెలుసు. గీయండి."

మోకాళ్ల మీద కూర్చున్నాను. వేలు ఇసుకలో పెట్టాను. వానపాము పాకినట్టు పోయింది గీత. "ఇదేంటండీ?" అంటే "రె" అన్నాను. "ఇది?" "బె". మూడోది గీశాక "మొత్తం ఏమైందండీ?" అని అడిగింది, దానికి తెలీనట్టు.

"రెబెకా" అన్నాను.

నా నోటితో అదే మొదటిసారి. అక్కడ, అన్నీ అయిపోయాక.

సుందరమ్మ నా గీత మీద పూవు పక్కన పూవు పెట్టుకుంటూ పోయింది, అంజిబాబు చుక్కలు పెట్టినట్టే. బంతిపూలు లావు. ఎంత వంకర పోయినా గీత వాటి కింద కనపడలేదు. కొవ్వొత్తులు వెలిగించాం. సత్యంగారు వచ్చి నిలబడ్డారు.

"బాగుందండీ. ఎవరు పెట్టేరు?"

"మా బావగారు రాసేరండీ" అంది సుందరమ్మ. "ఇంకెవరు రాస్తారండీ?"

నవంబరు 3

పొద్దున్నే చూద్దామని వెళ్లాను. మేకలు పడ్డాయి. పూలన్నీ తినేశాయి. కా అన్న అక్షరంలో సగం మిగిలింది. ఇసుక మీద డెక్కల గుర్తులు.

నవ్వొచ్చింది. తర్వాత ఆ బండ మీదే తల పెట్టుకుని ఏడ్చాను. వచ్చే ఏడాదికి ఈ వేలు ఇసుకలో కూడా నిలవదు. డాక్టరు చెప్పకపోయినా నాకు తెలుస్తోంది.

నవంబరు 4

అంజిబాబు వచ్చాడు. మోటార్లు వెనక్కి పంపమంటారా, తన పడవకి వాడుకోమంటారా అని అడిగాడు. ఉండనీ అన్నాను. దానికి చూసి గీయడానికి ఒకటి కావాలి, అంతే కదా. ఒక్కసారి సరిగ్గా రాసి ఇస్తే చాలు. ఆ తర్వాత నా చెయ్యి ఏమైపోయినా అది రాస్తుంది.

ఈ డైరీలో ఇంకా రెండు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

నవంబరు 6, ఆదివారం

రెబెకా. డెబ్బై మూడు సార్లు రాశాను. ఒక్కటీ కుదరలేదు. మూడో పేజీలో ఒక కా మాత్రం పరవాలేదు.